శుక్రుడి దాకా వెళ్ళడం దండగా?

ధర్మపురి గ్రహాల లెక్కతో నడిచే ఊరు. గురువు సింహరాశిలో అడుగుపెడితే ఇక్కడ గోదావరికి పుష్కరాలు. 2015 జూలైలో ఆ పన్నెండు రోజులూ ఘాట్ల మీద కాలు పెట్టే సందు దొరకలేదు. మళ్ళీ 2027లో పుష్కరాలున్నాయి. శుక్రుడు సూర్యుడి వెలుగులో పడి కనిపించకుండా పోతే మూఢం. అప్పుడు లగ్గాలుండవు. లగ్గాలు లేకపోతే జగిత్యాల, కోరుట్ల ఫంక్షన్ హాళ్ళకు, బ్యాండు మేళాలకు, వంటవాళ్ళకు, బట్టల దుకాణాలకు గిరాకీ ఉండదు. 2025 నవంబరు చివర మొదలైన శుక్ర మూఢం 2026 ఫిబ్రవరి నడుమ దాకా సాగింది. ఆకాశంలో ఒక గ్రహం ఎక్కడుందన్న దాన్ని బట్టి ఇక్కడ ఎందరికో పని దొరికే రోజులు మారిపోతాయి.

ఆ శుక్రుడి దగ్గరికి ఇప్పుడు మన దేశం ఒక నౌకను పంపబోతోంది. 2024 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం ఈ యాత్రకు ఆమోదం తెలిపింది. మొత్తం ఖర్చు 1,236 కోట్ల రూపాయలు, అందులో ఒక్క నౌకకే 824 కోట్లు. 2028 మార్చిలో, అంటే పుష్కరాలు ముగిసిన మరుసటి ఏడాది, ప్రయోగించాలని ఇస్రో సంకల్పం.

వినగానే సామాన్యుడికి కలిగే సందేహం సహజమైనదే. సీసం కరిగి నీరయ్యే వేడి, ఉక్కును నలిపేసే ఒత్తిడి ఉన్న చోటికి, మనిషి కాలు మోపలేని నేలకు ఇంత శ్రమ, ఇంత సొమ్ము దేనికి? సిరిసిల్లలో మగ్గం ఆగితే పూట గడవని ఇళ్ళున్నాయి. అకాల వర్షానికి కల్లంలో వడ్లు తడిసిన రైతులున్నారు. వాళ్ళ తరఫున అడిగే ఈ ప్రశ్నను అజ్ఞానమని కొట్టేయడానికి వీల్లేదు. అందుకే వెళ్ళాలనే వాదనను, వద్దనే వాదనను పక్కపక్కన పెట్టి చూడాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను: వెళ్ళాలి. అక్కడ బతకడానికి ఎవరూ వెళ్ళరు. మన భూమి ఎందుకు బతికి బట్టకట్టిందో తెలుసుకోవడానికి వెళ్ళాలి. ఆ పని మరో చోట జరగదు.

ఎలాంటి చోటు అది?

మనకు అన్నిటికంటే దగ్గరికి వచ్చే గ్రహం శుక్రుడే. దగ్గరైనప్పుడు దూరం సుమారు 4 కోట్ల కిలోమీటర్లు. అంగారకుడు ఎంత దగ్గరికొచ్చినా దాదాపు ఐదున్నర కోట్ల కిలోమీటర్ల అవతలే ఉంటాడు. శుక్రుడి వ్యాసం 12,104 కిలోమీటర్లు, భూమికంటే కొంచెమే తక్కువ. బరువు భూమిలో 81 శాతం. ఇక్కడ 50 కిలోలు తూగే మనిషి అక్కడ 45 కిలోలు తూగుతాడు. ఇంతవరకూ వింటే మన పొరుగూరి సంగతిలాగే ఉంటుంది.

నేల మీదికి దిగితే అంతా తారుమారు. అక్కడి వేడి సుమారు 465 డిగ్రీలు. పగలైనా రాత్రైనా, ధ్రువాల దగ్గరైనా నడుమనైనా పెద్ద తేడా ఉండదు. గాలి ఒత్తిడి భూమి మీదికంటే 90 రెట్లకు పైగా ఉంటుంది. సముద్రంలో 900 మీటర్ల లోతుకు దిగితే ఎంత ఒత్తిడో అంత. గాలిలో 96 శాతానికి పైగా బొగ్గుపులుసు వాయువు. పైన 48 నుంచి 70 కిలోమీటర్ల ఎత్తున గ్రహమంతా కమ్ముకున్న గంధకామ్లపు మేఘాలు. ఆ మేఘాలు నాలుగు రోజులకొకసారి గ్రహాన్ని చుట్టివస్తాయి. కింద గ్రహం మాత్రం తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 243 రోజులు తీసుకుంటుంది, అదీ మనకు ఎదురు దిశలో.

శుక్రుడు సూర్యుడికి దగ్గర కాబట్టి ఈ వేడి అనుకుంటాం. అసలు సంగతి వేరు. ఆ తెల్లని మేఘాలు పడిన ఎండలో మూడొంతులను తిప్పి పంపేస్తాయి. అందువల్ల శుక్రుడు ఇముడ్చుకునే ఎండ భూమి ఇముడ్చుకునే ఎండకంటే తక్కువ. సూర్యుడికి ఇంకా దగ్గరున్న బుధుడు కూడా మధ్యాహ్నం వేళ 430 డిగ్రీల దగ్గర ఆగిపోతాడు. శుక్రుడి మంటకు కారణం లోపలికి వచ్చిన కాస్త వేడిని బయటికి పోనివ్వని గాలి. ఎండకు మేడమీద నీళ్ళ ట్యాంకు మరిగిపోయే జగిత్యాలలో, వేసవి 45 డిగ్రీలు దాటే ఊళ్ళలో, గాలి గురించిన ఈ ఒక్క వాస్తవం అందరూ తెలుసుకోదగ్గది.

వెళ్ళినవాళ్ళ అనుభవం

1962 డిసెంబరు 14న అమెరికా పంపిన మారినర్-2 శుక్రుడి పక్కనుంచి వెళ్ళింది. మరో గ్రహం దగ్గరికి చేరి సమాచారం పంపిన మొదటి నౌక అదే. అంతకుముందు ఆ మేఘాల కింద సముద్రాలున్నాయనీ అడవులున్నాయనీ ఊహించినవాళ్ళు చాలామంది. మారినర్ పంపిన వేడి లెక్కలతో ఆ ఊహలు కూలిపోయాయి.

నేల మీద దిగే సాహసం సోవియట్ రష్యాది. 1970 డిసెంబరు 15న వెనెరా-7 దిగింది. పారాషూట్ సరిగా పనిచేయక నేలను గట్టిగా గుద్దుకుంది. సంకేతాలు ఆగిపోయాయని అందరూ అనుకున్నారు. తర్వాత రికార్డు చేసిన టేపులను ఓపికగా గాలిస్తే, రొదలో కలిసిపోయిన సన్నని సంకేతం 23 నిమిషాలు వచ్చినట్టు తేలింది. మరో గ్రహపు నేల మీదినుంచి మనిషి చేసిన యంత్రం పంపిన మొదటి కబురు అది. 1975లో వెనెరా-9 మొదటి ఫొటో పంపింది. 1982 మార్చి 1న దిగిన వెనెరా-13కు ఇంజినీర్లు పెట్టుకున్న గడువు 32 నిమిషాలు. అది 127 నిమిషాలు పనిచేసి, పలకలుగా పరుచుకున్న రాళ్ళను, నారింజ రంగు ఆకాశాన్ని రంగుల్లో చూపించింది. శుక్రుడి నేల మీద ఏ యంత్రమూ అంతకంటే ఎక్కువసేపు బతకలేదు.

నాలుగు రోజుల తర్వాత దిగిన వెనెరా-14 సంగతి ఈ పని ఎంత కష్టమో చెబుతుంది. నేల ఎంత గట్టిగా ఉందో చూడటానికి ఆ నౌకకు ఒక చెయ్యి అమర్చారు. కెమెరా మూత ఊడి సరిగ్గా ఆ చెయ్యి తగిలే చోట పడింది. శుక్రుడి నేలను కొలవాల్సిన పరికరం తన మూతనే కొలిచింది. ఏళ్ళ శ్రమ, కోట్ల కిలోమీటర్ల ప్రయాణం, చివరికి అరచేతంత మూత అడ్డం. అయినా ఆ నౌకే అక్కడి మట్టిని లోపలికి తీసుకుని పరీక్షించి, అది మన దక్కన్ నల్లరాయి జాతికి చెందినదని తేల్చింది.

1985లో రష్యా వేగా నౌకలు రెండు బెలూన్లను శుక్రుడి మేఘాల్లో వదిలాయి. 54 కిలోమీటర్ల ఎత్తున అవి ఒక్కొక్కటి రెండు రోజుల దగ్గరదగ్గర ఎగిరాయి. 1990 నుంచి 1994 దాకా అమెరికా మాగెల్లాన్ నౌక రాడార్‌తో 98 శాతం నేలను చిత్రించింది. ఆ పటంలో ఒక ఎత్తయిన పీఠభూమి పేరు లక్ష్మీ ప్లానమ్. శుక్రుడి మీద దాదాపు అన్నిటికీ స్త్రీల పేర్లే పెడతారు. మన దేశపు తొలి మహిళా వైద్యుల్లో ఒకరైన ఆనందీబాయి జోషి పేరుతో అక్కడ ఒక గుంట కూడా ఉంది.

జపాన్ అకాట్సుకి కథ పట్టుదలకు నిదర్శనం. 2010 డిసెంబరులో శుక్రుడి కక్ష్యలోకి వెళ్ళాల్సిన వేళ దాని ప్రధాన ఇంజను పాడైంది. నౌక గ్రహాన్ని దాటిపోయి సూర్యుడి చుట్టూ తిరగసాగింది. ఇంజినీర్లు ఐదేళ్ళు ఓపిక పట్టి, 2015 డిసెంబరు 7న దిశ మార్చుకునేందుకు ఉంచిన చిన్న ఇంజన్లతోనే దాన్ని కక్ష్యలో పెట్టారు. 2024 ఏప్రిల్ దాకా అది పనిచేసింది. అది మూగబోయాక శుక్రుడి చుట్టూ పనిచేసే నౌక ఒక్కటీ లేకుండా పోయింది.

తెలుగువాళ్ళకూ ఈ చరిత్రలో భాగముంది. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా చుక్కలా దాటిపోయినప్పుడు నరసింగరావు విశాఖలో దాన్ని పరిశీలించి, లెక్కలను లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. ఆ రోజుల్లో సూర్యుడు మనకు ఎంత దూరమో తేల్చే ముఖ్యమైన దారుల్లో శుక్రుడి ఈ దాటు ఒకటి. అంతకు ముందు శతాబ్దంలో ఇదే పని మీద ఫ్రాన్సు నుంచి వచ్చిన లె జాంతీ 1761లో యుద్ధం వల్ల పుదుచ్చేరిలో దిగలేకపోయాడు. ఎనిమిదేళ్ళు ఈ సముద్రాల్లోనే గడిపి 1769లో అక్కడ టెలిస్కోపు పెడితే ఆ కాసేపూ మబ్బు కమ్మింది. శుక్రుడి కోసం పడిన శ్రమ ఒక్కోసారి వృథా అయింది, నిజమే. కానీ అలాంటి అందరి శ్రమ కలిసే సౌర కుటుంబపు కొలతలు మన చేతికొచ్చాయి.

వద్దనేవాళ్ళ మాట

వద్దనేవాళ్ళ వాదనల్లో బలమైనవి మూడు.

మొదటిది డబ్బు. 1,236 కోట్లను దేశంలోని 140 కోట్ల మందికి పంచితే తలకు తొమ్మిది రూపాయలు కూడా రావు. అంతరిక్ష యాత్రలను సమర్థించేవాళ్ళు తరచూ ఈ లెక్కే చెబుతారు. నాకు ఇది చాలదనిపిస్తుంది. ఇలా తలకింతని పంచితే ఏ దుబారా అయినా చిన్నదిగానే కనిపిస్తుంది. సరైన పోలిక వేరే ఉంది. 2024-25లో కేంద్ర బడ్జెట్టు 48 లక్షల కోట్లు దాటింది. ఏళ్ళ తరబడి ఖర్చయ్యే ఈ యాత్ర సొమ్మంతా కలిపినా ఆ ఒక్క ఏడాది పద్దులో పదివేల వంతుల్లో మూడు వంతులు కూడా కాదు. ఈ యాత్రను రద్దు చేస్తే ఆ డబ్బు సిరిసిల్ల నేతన్న ఇంటికి వెళుతుందన్న భరోసా ఎక్కడా లేదు. నేతన్నకు కావలసిన నూలు, ఆర్డర్లు, గిట్టుబాటు ధర కోసం గట్టిగా అడగాల్సిందే. ఆ పోరాటానికి శుక్రుడి నౌక అడ్డంకి కాదు.

రెండోది, అక్కడ మనిషికి పని లేదన్నది. చంద్రుడి మీద నీటి మంచు ఉంది, అంగారకుడి మీద రేపో మాపో మనిషి దిగుతాడు, శుక్రుడితో ఏం పని అంటారు. మనిషి నివాసమే లక్ష్యమైతే ఈ వాదన గెలిచినట్టే. లక్ష్యం అది కాదు.

మూడోది, అమెరికా, ఐరోపా ఎలాగూ వెళుతున్నాయి కదా, వాళ్ళు తెచ్చిన సమాచారం మనకూ దొరుకుతుంది కదా అన్నది. 2021లో నాసా దావించి, వెరిటాస్ అనే రెండు యాత్రలను, ఐరోపా సంస్థ ఎన్విజన్‌ను ఎంచుకున్న మాట నిజమే. అయితే నాసా యాత్రలు రెండూ వెనక్కి జరిగాయి, మూడింటిలో ఏదీ 2030కి ముందు బయల్దేరేలా లేదు. ఆ రెండింటినీ ఆపేయాలని అమెరికా బడ్జెట్టు ప్రతిపాదనల్లోనే మాట వచ్చింది. పక్కింటివాళ్ళు వెళ్ళొచ్చి చెబుతారని కూర్చుంటే, వాళ్ళు బయల్దేరకపోవచ్చు కూడా. అనుకున్న వేళకు మన నౌక చేరితే, ఖాళీగా ఉన్న ఆ కక్ష్యలో పనిచేసేది అదే అవుతుంది.

పక్కపక్క మళ్ళు

జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. జగిత్యాల సన్నాలు పుట్టింది అక్కడే. కొత్త రకాన్ని పరీక్షించేటప్పుడు శాస్త్రవేత్తలు దాన్నొక్కదాన్నే వేసి చూడరు. పక్క మడిలో అందరికీ తెలిసిన రకాన్ని వేస్తారు. నేల, నీరు, నాటిన రోజు ఒకటే అయినప్పుడు పంటలో తేడా వస్తే, ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పగలుగుతారు. భూమి గురించి మన చదువుకు ఉన్న లోపం సరిగ్గా ఇదే. మన దగ్గర ఒక్క మడే ఉంది. పక్క మడి శుక్రుడు. ఇంచుమించు అంతే సైజు, అదే కాలంలో అదే సామగ్రితో పుట్టుక, పక్కపక్క చోట్లు. ఒక మడిలో నీరు నిలిచి జీవం పండింది, రెండోది మాడిపోయింది. తేడా ఎక్కడ మొదలైంది?

తేడాలో సగం రాళ్ళల్లో ఉంది. భూమి మీది కర్బనంలో అధిక భాగం సున్నపురాయిగా మారి నేలలో అణిగి ఉంది. అదంతా ఒక్కసారి గాలిలోకి వస్తే, మన గాలిలోనూ ఇంచుమించు శుక్రుడి గాలిలో ఉన్నంత బొగ్గుపులుసు వాయువు ఉండేది. ఇక్కడ దాన్ని బంధించింది నీరు. వాన నీరు గాలిలోని ఆ వాయువును కలుపుకుని రాళ్ళను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. నదులు ఆ ద్రవాన్ని సముద్రానికి మోస్తాయి. సముద్రంలో అది సున్నపురాయి అవుతుంది. దక్కన్ నల్లరాతి మీద పుట్టి ధర్మపురి ఘాట్ల ముందు దక్షిణంగా ఒరిగి పారే గోదావరి ఇప్పటికీ ఈ పని చేస్తూనే ఉంది. శుక్రుడి మీద నీరు లేదు కాబట్టి కర్బనాన్ని బంధించే దారి మూసుకుపోయింది.

అణిగి ఉన్న ఆ కర్బనాన్ని మనం తిరిగి లేపుతున్నాం. గోదావరి వెంట దిగువకు పోతే రామగుండం. 2,600 మెగావాట్ల పాత థర్మల్ కేంద్రం సింగరేణి బొగ్గును మండిస్తోంది. ఆ దగ్గరే బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ. సిమెంటు కోసం టన్ను స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 440 కిలోల బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. కోట్ల ఏళ్ళపాటు వానలు, నదులు, సముద్రాలు కలిసి దాచినదాన్ని కొలిమి నిమిషాల్లో విడుదల చేస్తుంది. దీనివల్ల భూమి శుక్రుడైపోదు. అంత భయపెట్టాల్సిన పనీ లేదు, అలా చెప్పడం అబద్ధం కూడా. కానీ గాలి కూర్పు మారితే గ్రహం గతి మారుతుందన్న సూత్రానికి శుక్రుడికి మించిన సాక్ష్యం లేదు.

ఆ సాక్ష్యం ఇప్పటికే మనకు పనికొచ్చింది. అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ చదువుకున్నది శుక్రుడి వాతావరణం మీదే. ఆ మేఘాలు గంధకామ్లమని నిర్ధారించినవారిలో ఆయన ఒకరు. ఆ గ్రహపు గాలిని లెక్కగట్టిన చేత్తోనే భూమి గాలి వైపు తిరిగి, 1988లో అమెరికా సెనేట్ ముందు భూమి వేడెక్కుతోందని సాక్ష్యం చెప్పారు. ఆ హెచ్చరిక మన ఇళ్ళల్లోకి ఎప్పుడో వచ్చింది. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల నుంచి దుబాయి వెళ్ళిన మన మనుషులు ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఆరుబయట పని చేయకూడదని అక్కడి చట్టం. వేడి ఇప్పుడు కూలి లెక్కల్లోకి, ప్రాణాల లెక్కల్లోకి చేరిన విషయం. దుబాయి ఉన్న ఆ యుఏఈ దేశమే 2021లో అంగారకుడి దగ్గరికి నౌకను చేర్చింది. 2028లో బయల్దేరదీయాలనుకుంటున్న రెండో నౌకను శుక్రుడి పక్కనుంచే తిప్పి పంపనుంది.

ఇంకా తేలని సంగతులు

అన్నీ తెలిసిపోయి ఉంటే వెళ్ళనక్కరలేదు. శుక్రుడి గురించి మూల ప్రశ్నే తేలలేదు: అక్కడ ఎప్పుడైనా సముద్రాలు ఉన్నాయా? అక్కడి గాలిలో బరువైన హైడ్రోజన్ పాలు భూమి మీదికంటే వంద రెట్లకు పైగా ఉంది. తేలిక హైడ్రోజన్ అంతరిక్షంలోకి ఎగిరిపోయి బరువైనది మిగిలిందంటే, ఒకప్పుడు చాలా నీరు పోయిందని అర్థం. 2016లో నాసాకు చెందిన మైకేల్ వే బృందం, శుక్రుడు చాలాకాలం సముద్రాలతో చల్లగా ఉండి ఉండవచ్చని లెక్క చూపింది. 2021లో మార్టిన్ టర్బే బృందం ఆ నీరు ఆవిరిగానే ఉండిపోయిందని, వానగా ఎన్నడూ కురవలేదని వాదించింది. రెండూ కంప్యూటర్ లెక్కలే. తీర్పు చెప్పగలిగేది అక్కడి రాళ్ళు, గాలి మాత్రమే. సముద్రం ఉండి పోయిందంటే భూమికి అదొక హెచ్చరిక. మొదటినుంచీ లేదంటే మన భూమి అదృష్టం మనం అనుకున్నదానికంటే అరుదైనది.

అక్కడి అగ్నిపర్వతాలు ఇంకా బతికి ఉన్నాయా అన్నది మరో ప్రశ్న. 2023 మార్చిలో దీనికి ఒక జవాబు వచ్చింది. 1991లో మాగెల్లాన్ ఎనిమిది నెలల తేడాతో తీసిన రాడార్ చిత్రాలను పోల్చి చూస్తే, మాట్ మోన్స్ అనే పర్వతం దగ్గర ఒక బిలం ఆకారం మారినట్టు కనిపించింది. ముప్పై ఏళ్ళ పాత చిత్రాలు కొత్త సంగతి చెప్పాయి. ఒక యాత్ర తెచ్చిన సమాచారం ఎంతకాలం పనికొస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

లేనిపోని ఆశలు మాత్రం పెట్టుకోకూడదు. 2020లో శుక్రుడి మేఘాల్లో ఫాస్ఫీన్ ఉందని, అది జీవానికి గుర్తు కావచ్చని ప్రకటన వచ్చింది. తర్వాత అదే సమాచారాన్ని తిరగేసిన ఇతర బృందాలు ఆ లెక్కను ప్రశ్నించాయి. వివాదం ఇంకా నడుస్తోంది. మేఘాల ఎత్తులో వేడి, ఒత్తిడి మనకు అలవాటైన స్థాయిలోనే ఉంటాయి కాబట్టి అక్కడ తేలే నగరాలు కట్టవచ్చని చెప్పేవాళ్ళూ ఉన్నారు. గంధకామ్లపు మబ్బుల్లో నగరం ఇప్పట్లో జరిగే పని కాదు. జీవం పేరుతో, నగరాల పేరుతో యాత్రను అమ్ముకుంటే రేపు నిరాశ తప్పదు, ఆ నిరాశలో అసలు ప్రయోజనమూ కొట్టుకుపోతుంది.

ఇంటికి చేరేదేమిటి?

మన నౌకలో ముఖ్యమైన పరికరం రాడార్. మేఘాలు కమ్మిన గ్రహాన్ని మామూలు కెమెరా చూడలేదు, రాడార్ తరంగాలు మబ్బును దాటి నేలను చూస్తాయి. ఈ విద్య మనకు ఇంటి దగ్గర అక్కరకొస్తున్నదే. 2022 జూలైలో గోదావరి పోటెత్తి, ఆవలి ఒడ్డున కడెం ప్రాజెక్టుకు సామర్థ్యానికి మించిన వరద వచ్చినప్పుడు ఆకాశమంతా మబ్బే. అలాంటప్పుడు ముంపు ఎంత దూరం వచ్చిందో చూపగలిగేది రాడార్ ఉపగ్రహమే. హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం అలాంటి చిత్రాలతోనే వరద పటాలు తయారుచేస్తుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్‌లో ఒక రాడార్ మనదే. శుక్రుడి దగ్గర తక్కువ కరెంటుతో, తక్కువ బరువుతో రాడార్ నడపడం నేర్చుకున్న ఇంజినీరు ఆ నేర్పును గోదావరి మీదా వాడతాడు.

వేడిని తట్టుకునే విద్య ఇంకొకటి. మామూలు సిలికాన్ చిప్ శుక్రుడి నేల మీద నిలవదు. నాసా పరిశోధకులు సిలికాన్ కార్బైడ్‌తో చేసిన చిప్‌ను శుక్రుడిలాంటి వేడిలో, ఒత్తిడిలో ఉంచి 521 గంటలు పనిచేయించారు. జెట్ ఇంజన్ల లోపల, లోతైన బావుల అడుగున పెట్టే పరికరాలకు ఇది ఉపయోగం. వెనెరా యాత్రల కాలంలో గంటల్లో లెక్కపెట్టిన యంత్రం ఆయుష్షును వారాలకు పెంచే దారి ఇది.

మన దగ్గర ఇందుకు పునాది ఉంది. చంద్రయాన్, మంగళయాన్ మాటలు విన్న బెంగుళూరు దగ్గరి బ్యాలాలు కేంద్రంలోని 32 మీటర్ల యాంటెన్నాను తయారుచేసింది హైదరాబాదు ఈసీఐఎల్. టైటానియం వంటి ప్రత్యేక లోహాలు చేసే మిధాని కూడా హైదరాబాదులోనే ఉంది. సొంతంగా రాకెట్టు చేసి 2022 నవంబరు 18న ఎగరేసిన స్కైరూట్ హైదరాబాదు సంస్థే. జగిత్యాల, సిరిసిల్ల నుంచి ఇంజినీరింగు చదివిన పిల్లలకు ఈ పనులు అందుబాటులో ఉన్నవే.

మన యాత్ర కొలత సరైనదేనా?

ఇస్రో ఈసారి దిగే ప్రయత్నం చేయడం లేదు, కక్ష్యలో తిరిగే నౌకనే పంపుతోంది. ఇది తెలివైన నిర్ణయం. నేల మీద గంటో రెండు గంటలో బతికే యంత్రంకంటే ఏళ్ళపాటు పైనుంచి చూసే రాడార్ ఈ దశలో ఎక్కువ చెబుతుంది. నౌక ముందు 500 కిలోమీటర్ల నుంచి 60,000 కిలోమీటర్ల దాకా సాగిన పొడవాటి కక్ష్యలో చేరి, తర్వాత శుక్రుడి పైగాలిని రాసుకుంటూ వేగం తగ్గించుకుని 200 నుంచి 600 కిలోమీటర్ల కక్ష్యకు దిగాలన్నది ప్రణాళిక. ఇంధనం ఆదా చేసే ఈ పద్ధతిని ఇస్రో మరో గ్రహం దగ్గర వాడటం ఇదే మొదటిసారి. అదొక్కటే పెద్ద పరీక్ష.

మంగళయాన్ 450 కోట్లతో, మొదటి ప్రయత్నంలోనే 2014 సెప్టెంబరు 24న అంగారకుడిని చేరి దేశానికి గర్వకారణమైంది. అయితే అది మోసింది ఐదు పరికరాలే, అన్నీ కలిపి 15 కిలోలే. చేరడం గొప్ప, చూసింది కొద్ది. శుక్ర యాత్రలో సుమారు 100 కిలోల పరికరాలు పెట్టాలన్నది ఆలోచన. అంటే ఈసారి చేరడంతో సంతృప్తి పడకుండా చూడటం మీదే దృష్టి పెట్టారు. ఖర్చు మూడింతలకు దగ్గరగా పెరిగినా నేను సమర్థించడానికి కారణం ఇదే.

లోపాలూ చెప్పుకోవాలి. మొదట 2023 అన్నారు, తర్వాత 2024 అన్నారు, ఇప్పుడు 2028. శుక్రుడికి ప్రయాణపు వీలు 19 నెలలకొకసారే వస్తుంది. ఒకసారి తప్పితే ఏడాదిన్నర పోయినట్టే. ఇంకోసారి వాయిదా వేస్తే, వెళ్ళడంలో ఉన్న ప్రయోజనం సగం పోతుంది.

నా తీర్పు, నా విన్నపం

పొరుగు గ్రహం కఠినమైనది కాబట్టి వదిలేయాలన్న వాదన నిలవదు. దాని కాఠిన్యమే మనం చదవాల్సిన పాఠం. 1,236 కోట్లు ఊరికే వచ్చిన సొమ్ము కాదు. కానీ మబ్బు దాటి చూసే రాడార్, వేడి గురించిన గట్టి జ్ఞానం, భూమి పక్క మడిని దగ్గరగా చూసే అవకాశం కలిపి తూస్తే ఆ సొమ్ముకు తగిన ప్రతిఫలమే.

మూడు షరతులు మాత్రం ఉండాలి. ఒకటి, ఈసారి 2028 తప్పకూడదు. రెండు, వచ్చిన సమాచారాన్ని ఆలస్యం చేయకుండా అందరికీ తెరవాలి. మాగెల్లాన్ చిత్రాలు అందరికీ అందుబాటులో ఉన్నందువల్లే ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరో కూర్చుని అగ్నిపర్వతంలో మార్పును కనిపెట్టారు. మూడు, విజయమైనా వైఫల్యమైనా ఇస్రో ప్రజలకు వాళ్ళ భాషలో చెప్పాలి. ప్రతి పైసా వాళ్ళదే.

ఇక్కడి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బడుల్లో ఇప్పుడు ఆరో తరగతి చదివే పిల్లలు, నౌక తన పని ముగించేసరికి కాలేజీల్లో ఉంటారు. రాడార్ ఎలా చూస్తుందో, గోదావరి కర్బనాన్ని సముద్రానికి ఎలా మోస్తుందో, శుక్రుడు ఎందుకు మాడిపోయాడో వాళ్ళకు తెలుగులో, ఈ 2028 లోపే చెప్పండి. ఆ సమాచారాన్ని చదివి కొత్త సంగతి కనిపెట్టేవాళ్ళలో మన పిల్లలు కూడా ఉండాలి.